కోతులు ముట్టని తీగ

ముందే చెప్పేస్తున్నాను, నేను బాగానే ఉన్నాను. మా వాకింగ్ గ్రూపులో సగం చదివి ఫోన్ చేసి ఏడ్చేవాళ్లున్నారు. ఈ మాట వాళ్ల కోసం. ఇప్పుడు రెండు పూటలా అన్నం తింటున్నాను, గోడ పట్టుకోకుండా మిద్దె మెట్లెక్కుతున్నాను. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ "అసలేమైందక్కా?" అని అడగని మనిషి లేదు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్లు, బరువు తగ్గాలని పొద్దున్నే రసాలు తాగేవాళ్లు, అరవై దాటినా వంటింట్లో తమ మాటే చెల్లాలనుకునే నాలాంటివాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

నా పేరు సరోజ. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. వరంగల్ కొత్తవాడలో మా ఇల్లు. మా ఆయన నరహరికి ఇంటి కింద గదిలోనే దర్రీల దుకాణం, అంటే నూలు జంపఖానాల దుకాణం ఉంది. కొడుకు రమేశ్ హనుమకొండలో ఉద్యోగానికి వెళ్లి వస్తాడు. కోడలు స్వప్న ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. నలుగురం ఒకే కప్పు కింద ఉంటాం.

చలికాలం

జ్వరం వారం ఉండి పోయింది. అందరికీ వచ్చినట్టే వచ్చింది, అందరికీ తగ్గినట్టే తగ్గింది. మర్నాడు స్వప్న చాయ్ తెచ్చిచ్చింది. తాగితే వేడినీళ్లు తాగినట్టుంది. చక్కెర మరిచిపోయిందేమో అనుకున్నాను. కానీ అల్లం కూడా లేదు, పాలు కూడా లేవు. కప్పులోకి చూస్తే చాయ్ రోజూ ఉండే రంగులోనే ఉంది.

"వస్తుందమ్మా, కొందరికి నెలలు పడుతుంది" అన్నాడు డాక్టరు. కొంత వచ్చింది కూడా. ఉప్పు కాస్త తెలిసేది. తీపి, ఉందా లేదా అన్నట్టుండేది. పులుపు ఎప్పుడో ఒకసారి తగిలేది. వాసన మాత్రం అస్సలు రాలేదు. చేదు కూడా రాలేదు, ఆ సంగతి నేను గమనించనే లేదు. చేదు రాలేదని ఎవరు బెంగ పెట్టుకుంటారు?

వాసన లేని ఇంట్లో బతకడం ఎలా ఉంటుందో ఆ నెలల్లో తెలిసింది. మా ఆయన దుకాణం కట్టేసి పైకొస్తుంటే నూలు వాసన, రంగు వాసన ఆయనకంటే ముందే వచ్చేవి. పెళ్లయినప్పటి నుంచీ ఆయన వచ్చారని నాకు అలాగే తెలిసేది. ఇప్పుడు కూర కలుపుతూ వెనక్కి తిరిగితే గుమ్మంలో నిలబడి ఉండేవారు. అడుగుల చప్పుడు వినపడలేదు, వాసన రాలేదు, మనిషి మాత్రం అక్కడున్నాడు. ఒకసారి కెవ్వుమని అరిచి గరిటె జారవిడిచాను.

"ఏందే, దయ్యాన్ని చూసినట్టు చూస్తానవ్?" అన్నారు ఆయన నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ రోజు బీరువాలోంచి మా అమ్మ చీర తీసి మొహానికి ఆనించుకున్నాను. ఆమె పోయినా ఆ చీరలో పసుపు, తమలపాకు కలిసిన వాసన మిగిలి ఉండేది. ఇప్పుడది ఏ కొట్లోనైనా కొనుక్కోగల ఉత్త గుడ్డ. చాలా ఏడ్చాను. నా ఒంటి వాసన కూడా నాకు తెలిసేది కాదు. అద్దం ముందు నిలబడి, పోయినవాళ్లకు ఇలాగే ఉంటుందేమో, అన్నీ కనబడుతూ ఏదీ అందకుండా, అనుకునేదాన్ని.

ఇదంతా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రుచి వచ్చేసిందని అబద్ధమాడాను. ఎందుకంటే మా ఇంట్లో ఉప్పు డబ్బా నా చేతిలో ఉంటుంది. "అత్తమ్మా, ఇగ మీరు కూసోండ్రి, నేను వండుత" అనడానికి స్వప్నకు ఒక్క సాకు చాలు. ఆ పిల్ల మంచిదే, ప్రేమతోనే అంటుంది. కానీ ఒకసారి కూర్చుంటే మళ్లీ లేవనివ్వరు, ఈ వయసులో అది నాకు తెలుసు. అందుకని చేతి అలవాటుతో ఉప్పు వేసి, వాళ్ల మొహాలు చూసి కూర ఎలా ఉందో తెలుసుకునేదాన్ని.

ఎండాకాలం

రుచి లేకపోతే ఆకలి ఎక్కడిది? అన్నం నమలడం దూది నమలడంలా ఉండేది. రెండు ముద్దలు తిని లేచేదాన్ని. ఒళ్లు తగ్గడం మొదలైంది.

మా వాకింగ్ గ్రౌండులో ఆడవాళ్లం పదిమంది దాకా ఉంటాం. నడిచేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ. ఎవరి మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఎవరి షుగరు ఎంత, ఎవరి మిద్దె మీద టమాటా కాసింది, ఏ ఆకు నానబెట్టి తాగితే నడుము సన్నబడుతుంది, ఇవే కబుర్లు. నేను తగ్గేసరికి అందరి కళ్లూ నా మీదే పడ్డాయి.

"సరోజక్కా, మస్తు బక్కగైనవ్! ఏం తింటానవో జర మాకు గూడ చెప్పరాదూ" అంది ప్రమీల. ఆమె మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. భర్త పోయాడు, కూతురు కరీంనగర్లో ఉంటుంది. నాకంటే నాలుగేళ్లు చిన్నది, నాకంటే బాగా లావు. గ్రూపులో నాకు అందరికంటే దగ్గర మనిషి.

ఏమీ తినడం లేదని చెప్పడానికి మొహం చెల్లలేదు. అప్పటికి నేను పొద్దున్నే సొరకాయ రసం తాగే మాట నిజమే. మా వైపు దాన్ని ఆనిగెపుకాయ అంటారు. "ఆనిగెపుకాయ రసం తాగుతాన" అన్నాను. కాకరకాయ రసం కూడా మజ్జిగలా గటగటా తాగేస్తానని మా ఇంట్లోవాళ్లు ఊరంతా చెప్పారు. మెంతుల నీళ్లు, వేపాకు ముద్ద, ఏదిచ్చినా మొహం చిట్లించకుండా మింగేదాన్ని. నాది గట్టి మనసని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుంటుంటే బాగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఇక ఈ కథంతటికీ మూలమైన సొరబుర్ర సంగతి. తొర్రూరు దగ్గర మా పుట్టింటి ఊళ్లో, మా తమ్ముడి చేను కంచె మీద దానంతటదే పాకిన సొరతీగ ఒకటి ఉంది. ఆ కాయలు ఎవరూ వండరు. ఎండాక లోపల డొల్ల చేసి, కల్లు గీసేవాళ్లు కల్లు పట్టే బుర్రలుగా వాడుకునేవారు. బాగా ఎండిన కాయ ఒకటి, గింజలు లోపలే గలగలమంటుంటే, అందంగా ఉందని తెచ్చుకుని మిద్దె మీద ఇనుప కమ్మీకి వేలాడదీశాను. గాలి వీచినప్పుడల్లా అది తలుపు వెనక ఎవరో చేతిగాజులు కదిపినట్టు చప్పుడు చేసేది. స్వప్నకు ఆ చప్పుడు నచ్చలేదు. "తీసెయ్యుండ్రి అత్తమ్మా, ఎవరో ఉన్నట్టనిపిస్తాంది" అనేది. నేను తీయలేదు.

తొలి వానలకు ముందు కోతుల మంద వచ్చిపడింది. మా వరంగల్లో మిద్దె తోటలవాళ్లకు కోతుల గురించి నేను చెప్పాల్సిన పని లేదు. వంకాయలు పీకాయి, టమాటాలు కొరికి పారేశాయి, బుర్రను కమ్మీకేసి కొట్టి పగలగొట్టాయి. పెంకులన్నీ ఊడ్చి ఎత్తాను. ఆ కింద ఉన్న సిమెంటు తొట్టిలో నేను సంతలో కొన్న సొరగింజలు అప్పటికే పెట్టి ఉన్నాను. వానలు పడ్డాక అందులోంచి ఒక మొక్క లేచింది. నేను పెట్టిన గింజే మొలిచిందని సంబరపడ్డాను.

వానాకాలం

ఆ తీగ పెరిగిన తీరు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. పందిరి వేశాను, పందిరి మీదికి పోలేదు. పిట్టగోడ దిగి, మా పడకగది కిటికీ వైపు పాకింది. తీగ కొసలు కిటికీ కమ్మీలను చుట్టుకున్నాయి. ఒకరోజు కిటికీలో ఆరేసిన తువ్వాలు తీయబోతే రాలేదు. చూస్తే సన్నటి తీగ రెండు చుట్లు చుట్టి దాన్ని పట్టుకుని ఉంది. పూలు పగలు ముడుచుకుని, దీపం పెట్టే వేళకు తెల్లగా విచ్చుకునేవి. ఆ మసక వెలుతురులో గోడ మీద ఎవరో చేతులు ఆనించి లోపలికి చూస్తున్నట్టుండేది. మా ఆయన కిటికీకి దూరంగా మంచం మార్చుకుని పడుకున్నారు. ఎందుకని అడిగితే దోమలన్నారు.

కోతులు మళ్లీ వచ్చాయి. బెండ పోయింది, చిక్కుడు పోయింది. ఆ తీగను మాత్రం ముట్టలేదు.

అదొక్కటే కాదు. పిట్టగోడ మీద వరసగా కూర్చుని, తీగ వైపు తిరిగి చూస్తూ ఉండేవి. అరిచేవి కావు. ఒక పిల్లకోతి కిందికి దిగి లేతకాయను ఒక్క కొరుకు కొరికింది. వెంటనే వదిలేసి, మూతిని గోడకేసి రుద్దుకుంది, మళ్లీ రుద్దుకుంది, తల్లి పొట్ట కిందికి దూరింది. తల్లి నా వైపు చూసింది. నేను మెట్ల దగ్గర నిలబడి అదంతా చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? కాయ ఇంకా ముదరలేదు కాబట్టి వదిలేసిందనుకున్నాను. ఇంత తోటలో దేవుడు నాకోసం ఒక తీగను కాపాడాడనుకున్నాను. ఫొటో తీసి "కోతులు కూడా ముట్టని తీగ" అని గ్రూపులో పెట్టాను. దండాలు, పూలు, చప్పట్లు వచ్చాయి.

అప్పటికి నేను బాగా చిక్కిపోయాను. గాజులు మోచేతి దాకా జారేవి. ఒక పొద్దున గ్రౌండులో ప్రమీల నన్ను దాటి వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. "అక్కా, నువ్వా? ఎవరో అనుకున్న" అంది. నవ్వుతూనే అంది కానీ ఆమె మొహంలో భయం కనబడింది. ఆ మర్నాడే, "నీ తీగకు కాసిన కాయ నాకొకటియ్యి, నేను గూడ నీ లెక్క తాగుత" అని అడిగింది.

ఎంగిలిపూల నాడు

బతుకమ్మ పండుగ మొదటి రోజుకు ముందు సాయంత్రం మూడు కాయలు కోశాను. ఒకటి ప్రమీల చేతిలో పెట్టాను. "రేపు పండుగ పని, ఎల్లుండి పొద్దుగాల తాగుతనక్కా" అని కొంగులో పెట్టుకుని వెళ్లింది. ఒకటి నాకు. ఇంకోటి వంటింటి బుట్టలో వేశాను.

మా అత్తగారు ఎంగిలి విషయంలో చాలా పట్టింపు మనిషి. వంట దించేదాకా ఏదీ నోట్లో వేసుకోనిచ్చేది కాదు. ఒక్క దోసకాయకూ సొరకాయకూ మాత్రం మినహాయింపు. కోయగానే తొడిమ దగ్గర ముక్క చెక్కి నాలుక కొసకు తాకించి, ఆ తర్వాతే గిన్నెలో వేయాలి. "గీ రెంటికి ఎంగిలి తప్పు లేదు. నాలిక ఒప్పుకున్నంకనే పొయ్యి మీదికి పోవాలె" అనేది. నేను అలాగే నేర్చుకున్నాను, స్వప్నకూ అలాగే నేర్పాను. ఇది మా ఇంటి ఆచారమే కాదు, మీలో చాలామంది చేసేదే.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దున్న కాయ కోశాను. తొడిమ దగ్గర ముక్క చెక్కాను. నాలుకకు తాకించాను.

ఏమీ లేదు. తడిగా, చల్లగా ఉంది, అంతే. బాగుందనుకున్నాను.

పద్ధతి ప్రకారం అన్నీ చేశాను, అదీ విచిత్రం. తప్పేదీ జరగలేదు. నాలుకనే అడిగాను. అడిగిన నాలుక మాత్రం నాకు జవాబు చెప్పే స్థితిలో లేదు. పుదీనా వేసి మిక్సీ పట్టి, నిండు గ్లాసు ఒక్క గుక్కలో తాగేశాను.

హాల్లో స్వప్న గునుగుపూలు, తంగేడుపూలు వేరుచేస్తోంది. నేనూ కూర్చున్నాను. ఒక కట్ట కట్టానో లేదో పొట్టలో ఎవరో పిడికిలి బిగించినట్టైంది. లేచి బాత్రూం దాకా వెళ్లలేకపోయాను. వాంతులు మొదలయ్యాయి. ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది, చివరికి ఎర్రగా పడింది. పూల మీద పడింది. ఆ తర్వాత చలి. అంత చలి నేనెప్పుడూ ఎరగను. స్వప్న నా తల ఒళ్లో పెట్టుకుని "అత్తమ్మా, కండ్లు తెరువుండ్రి" అని ఏడుస్తోంది. ఆమె గొంతు మాత్రం మిద్దె మీది నుంచి వస్తున్నట్టు వినపడింది.

ఆస్పత్రి

హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు ఆటోలో తీసుకెళ్లారు. బీపీ పడిపోయిందన్నారు, ఐసీయూలో పెట్టారు. వైద్యం సంగతి నాకు తెలిసింది తక్కువ, రాసేదీ తక్కువ. నాకు గుర్తున్నది మణికట్టుకు కట్టిన సెలైన్ గొట్టం. కళ్లు మూస్తే అది తీగ కొసలా చేతిని చుట్టుకుంటూ భుజం దాకా పాకేది. ఎక్కడో గింజలు గలగలమనేవి. అది పక్కమంచం దగ్గర మందుల ట్రాలీ చక్రం చప్పుడని తర్వాత తెలిసింది. నేను పోతున్నానని గట్టిగా అనిపించింది. పోవడానికి భయం వేసింది, దాచకుండా చెబుతున్నాను, చాలా భయం వేసింది. ఆయా ఒకామె నా జుట్టు వెనక్కి పట్టుకుని వాంతి పట్టింది. మొహం తుడిచి, "మా అమ్మ లెక్కనే ఉన్నవ్, లేస్తవ్ తియ్యి" అంది. పేరు అడగలేకపోయాను.

బయట వెయిటింగ్ హాల్లో ఇంకో బాధ నడిచింది. నేను తర్వాత విన్నాను. ఏం తిన్నారని డాక్టరు అడిగితే, రోజూ తాగే రసమే అని చెప్పారట. రోజూ తాగేదానికి ఇలా ఎందుకవుతుందని ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. మా ఆడబిడ్డ వచ్చి, అందరూ వింటుండగా స్వప్నను "నిన్న రాత్రి ఏం వండిపెట్టినవే?" అని అడిగింది. అడగడంలో మామూలు మాటే. అడిగిన తీరు వేరు. రమేశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడట. మా ఆయన కూడా "ఇంట్ల ఉండి ఏం చూస్తానవ్ బిడ్డా" అన్నారట. స్వప్న మాత్రం రెండు కాళ్లకూ వేర్వేరు చెప్పులేసుకుని వచ్చిన మామగారికి తన బాటిల్లోని నీళ్లిచ్చి, ఆ రాత్రికి ఇంటికి వెళ్లిపోయింది.

తెల్లారాక మా ఆయనకు కారియర్ పంపడానికి బుట్టలోని సొరకాయ తీసింది. నేను నేర్పినట్టే తొడిమ దగ్గర ముక్క చెక్కి నాలుకకు తాకించింది.

మా ఆయన నర్సు వద్దంటున్నా వినకుండా లోపలికొచ్చారు. చేతిలో ఫోన్ ఉంది. "స్వప్న ఫోన్ చేసింది. గా కాయ నాలిక మీద పెట్టంగనే నోరంత కాలిపోయిందట, ఇంక కడుగుతనే ఉన్నదట. గంత చేదు నువ్వెట్ల తాగినవే సరోజా?"

నాకు కోతిపిల్ల గుర్తొచ్చింది. మూతిని గోడకేసి రుద్దుకోవడం గుర్తొచ్చింది. ఆ వెంటనే ప్రమీల గుర్తొచ్చింది. ఎల్లుండి పొద్దుగాల అంది. ఆ పొద్దు ఇదే.

వాంతులతో గొంతు పూర్తిగా పోయింది. "ప్రమీల" అన్నాను. గాలి వచ్చింది, మాట రాలేదు. పెదాలు చూసి ఆయన, "ప్రమీలకు చెప్పాల్నా? నువ్వు లేచినంక చెప్దాం తియ్యి, ఫికర్ చెయ్యకు" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. "పండుకో" అని దుప్పటి సర్ది వెనక్కి తిరిగారు. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. సెలైన్ చేతితోనే ఆయన చొక్కా పట్టి లాగాను. సూది కదిలి రక్తం వచ్చింది. రెండు చేతులతో కాయ ఆకారం చూపాను, ప్రమీల ఇంటి వైపని చేయి చాపాను, గ్లాసెత్తి తాగినట్టు చూపాను. ఆయన మొహం తెల్లబోయింది. బయటికి పరుగెత్తారు.

ప్రమీల ఫోన్ ఎత్తలేదట. మిక్సీ తిరుగుతుంటే వినపడలేదు. ఇంట్లో ఉన్న స్వప్నకు ఫోన్ చేస్తే ఆ పిల్ల చెప్పుల్లేకుండా, పండుగ ముగ్గుల మీదుగా రెండు వీధులూ పరుగెత్తింది.

నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఎవరూ వచ్చి ఏమీ చెప్పలేదు. బయట ఎక్కడో ఆడవాళ్ల చప్పట్లు లయగా వినపడుతున్నాయి. ఎవరో పొద్దున్నే బతుకమ్మ ఆట నేర్చుకుంటున్నారు. ఒక్కో చప్పుడూ ఒక్కో గుక్కలా వినపడింది. వద్దే ప్రమీలా, వద్దే, అని లోపలే అరుస్తున్నాను. నా ప్రాణం గురించి అంతగా మొక్కుకోలేదు, ఆ పూట ఆమె కోసం తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

స్వప్న వెళ్లేసరికి ప్రమీల ముక్కు మూసుకుని నాలుగు గుక్కలు మింగిందట. ఐదోదానికి గ్లాసెత్తింది. స్వప్న తలుపు తోసుకుని వెళ్లి చేత్తో కొట్టింది, గ్లాసు గోడకు తగిలి పగిలింది. ఆ నాలుగు గుక్కలకే మధ్యాహ్నానికి ఆమెనూ ఇదే దవాఖానలో చేర్చారు. నన్ను వార్డులోకి మార్చినప్పుడు పక్కమంచం ఆమెదే.

వార్డు

ఆమె మొహం గోడ వైపు ఉంది. సాయంత్రం ఇటు తిరిగింది.

"విషమక్కా అది. నోట్ల పెట్టంగనే తెలిసింది నాకు. సరోజక్క తాగుతాంది గదా, నేనెందుకు తాగలేను, గంత మనసు గట్టి లేదా నాకు అని మింగిన" అంది. మళ్లీ, "నిజం చెప్పు. నీకు చేదు తెల్వలేదా?" అని అడిగింది.

అప్పుడు మంచం చుట్టూ మా ఆయన, రమేశ్, స్వప్న, ఆడబిడ్డ అందరూ ఉన్నారు. దాచడానికి ఇక ఓపిక లేదు.

"తెల్వలే. చలికాలం జ్వరం నుంచి నాకేం తెల్వదు. అన్నం గూడ తెల్వదు. వాసన లేదు. మీ మొహాలు జూసి ఉప్పు ఏస్తాన" అన్నాను.

మా ఆయన మంచం అంచున కూర్చుని నా పాదం పట్టుకున్నారు. ఆడబిడ్డ స్వప్న వైపు చూడలేక కొంగు సర్దుకుంది. ప్రమీల "అయ్యో, బక్కగైనవని నేను దిష్టి పెట్టిన గదనే" అని ఏడ్చింది. స్వప్న మాత్రం ఏడవలేదు. చాలా కోపంగా అంది.

"ఇన్ని నెలలు నా పక్కన నిలబడి వండుకుంట నాకొక్క మాట చెప్పలేదా అత్తమ్మా? నేను ఉప్పు డబ్బా గుంజుకుంటననుకున్నరా?"

అవునన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఆ తరువాత

ఇంటికొచ్చిన రోజే మా ఆయన తీగను వేళ్లతో సహా పీకించారు. కిటికీ కమ్మీలకు చుట్టుకున్న కొసలు ఊడిరాలేదు, కత్తితో కోయాల్సి వచ్చింది. తొట్టిలో మట్టి తిరగేస్తే, కాయ పెంకు ముక్క ఒకటి బయటపడింది. బుర్ర ముక్క. తీగ సంతలో కొన్న గింజది కాదని అప్పుడు తెలిసింది. ఆ పెంకును చెవి దగ్గర పెట్టుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. చప్పుడేమీ లేదు.

అయినా అంతటితో పోలేదు. ఆ తర్వాతి వానకు తొట్టి పక్కన కొత్తిమీర కుండీలో రెండాకుల మొలక కనబడింది. కోతులు కొత్తిమీరంతా తొక్కి పీకి పోయాయి. ఆ మొలక చుట్టూ మాత్రం మట్టి చెదరలేదు. ఇప్పుడు నేను మిద్దెక్కగానే ముందు కోతులు ఏం వదిలాయో చూస్తాను. అవి వదిలినదాన్ని నేనూ వదిలేస్తాను.

మీకు చెప్పదలచుకున్నది ఇదే. సొరకాయైనా దోసకాయైనా చేదుగా ఉంటే పారేయండి. చేదైతే షుగరుకు మంచిదని ఎవరు చెప్పినా వినకండి, నేను చెప్పినా సరే. ఊరికే బరువు తగ్గుతుంటే మురిసిపోకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. నోటికి రుచి తెలియకపోతే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. చెబితే ఏం పోతుందనుకున్నానో అది పోలేదు. ఉప్పు డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది. నేను వేస్తాను, స్వప్న చూసి చెబుతుంది. ప్రమీల మళ్లీ నడకకు వస్తోంది. నా పక్కనే నడుస్తుంది కానీ నేనిచ్చిన టమాటా కూడా ముందు వాసన చూసి, నా మొహం చూసి, అప్పుడు సంచిలో వేసుకుంటుంది. దానికి నేనేమీ అనుకోను.

మొన్న ఒక పొద్దున పప్పులోకి దోసకాయ కోశాను. స్వప్న కుట్టుమిషన్ దగ్గర ఉంది. పిలుద్దామనుకుంటూనే, పాత అలవాటుతో తొడిమ దగ్గర ముక్క నాలుకకు తాకించాను.

గుచ్చుకున్నట్టైంది. నాలుక వెనక్కి లాక్కుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నమ్మలేదు. ఈ నాలుకను నేనిప్పుడు అంత సులువుగా నమ్మను. "స్వప్నా!" అని అరిచిన అరుపుకు ఆ పిల్ల కత్తెరతోనే పరుగెత్తుకొచ్చింది. మాట్లాడకుండా ముక్క చెక్కి చేతికిచ్చాను.

ఆమె నాలుకకు తాకించుకుంది. నేను ఆమె మొహం చూస్తున్నాను. ఇన్ని నెలలూ వాళ్ల మొహాలు చూడటమే కదా నా పని. మొహమంతా ముడుచుకుపోయింది.

"థూ! చేదు అత్తమ్మా, జహర్ లెక్క ఉన్నది, పారెయ్యుండ్రి" అంది. అని, నా మొహం చూసి ఆగిపోయింది. "మీకు తెలిసిందా?"

తల ఊపాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. స్వప్న నన్ను పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

కాయను చెత్తబుట్టలో వేసే ముందు, స్వప్న అటు తిరిగినప్పుడు, ఇంకొక్కసారి నాలుకకు తాకించుకున్నాను.